కర్మోరి మీద చారెడు మంచు

ఛేవాంగ్ షేర్పా పుట్టిందీ పెరిగిందీ కాఠ్‌మాండూలోనే, బౌద్ధ స్తూపానికి రెండు సందుల అవతల. ఇరవయ్యారేళ్లు వచ్చినా మంచును చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. ఇంట్లో ఫ్రిజ్ గోడలకు పేరుకున్నదాన్ని గరిటె కాడతో గీకడమే వాడికీ మంచుకీ ఉన్న పరిచయం. అలాంటివాడు ఝంసిఖేల్ పేటలో, సినిమాలకు కంప్యూటర్ మీద కొండలు చేసి పంపే స్టూడియోలో, మంచు పరిచే మనిషిగా చేరాడు. తప్పంతా వాడిదే అనలేను గాని సగమైతే వాడిదే.

ఉద్యోగం కోసం వచ్చిన రోజున అక్కడి పెద్ద, రొజీనా తులాధర్, కాగితం మీద పేరు చూసి తల ఎత్తింది.

"షేర్పావా? ఏ ఊరు?"

"కర్మోరి కొండ కింద, దిదీ."

"మరింకేం. మంచు పని నీదే."

ఆ ఊరికి వాడు వెళ్లింది రెండుసార్లు. రెండూ వానాకాలంలోనే. మబ్బు దిగి ఎదురింటి గడపే కనపడలేదు, ఇక కొండేం కనపడుతుంది. ఈ సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. షేర్పా అంటే మంచులో పుట్టి మంచు తాగి పెరుగుతాడని నగరంలో అందరికీ ఒక నమ్మకం. ఆ నమ్మకమే అన్నం పెట్టేలా ఉంటే కాదనడానికి వాడికి నోరు రాలేదు.

ఇచ్చిన పని చూస్తే మరీ ఇరకాటం. ఒక విదేశీ సినిమా మొదట్లో పన్నెండు సెకన్ల పాటు తెర నిండా కర్మోరి కనపడాలి. కొండ ఎత్తుపల్లాలన్నీ ఉపగ్రహం కొలిచిన కొలతలతో ముందే వచ్చేశాయి, ఏ రాయి అక్కడే. దాని మీద మంచు పరచడమే మిగిలింది. వాడి మూడు నెలల పరీక్ష గడువు చైత్ నెల రెండో శుక్రవారంతో తీరుతుంది. ఆ రోజే సాయంత్రం నాలుగింటికి, సినిమా వాళ్ల తరఫున ఓస్లోలో కూర్చున్న ఇంగ్రిడ్ అనే ఆవిడ ఈ పన్నెండు సెకన్లూ చూస్తుంది. సరేనంటే ఉద్యోగం ఖాయం. కాదంటే మర్నాటి శనివారం, అక్కడి వారపు సెలవు, వాడికి ఇక ఎప్పటికీ అయిపోదు.

వాడు చేరాక నేర్చుకున్న సూత్రాలు మూడు. వాలు తక్కువైన చోట మంచు నిలుస్తుంది, నిటారు గోడ మీద నిలవదు. ఉత్తరం వైపు ఉంటుంది, ఎండ తగిలే దక్షిణం వైపు కరుగుతుంది. గాలి ఒక పక్క ఊడ్చి ఇంకో పక్క పోస్తుంది. ఈ మూడింటికీ మూడు అంకెలు ఇస్తే కంప్యూటర్ క్షణంలో కొండంతా తెల్లబరుస్తుంది. ఇంత తేలికైన పనికి మనిషెందుకని మొదటి వారం వాడే ఆశ్చర్యపోయాడు.

ఇంగ్రిడ్ మొదటిసారి చూసి, కేకు మీద చక్కెర పొడి చల్లినట్టుందని రాసింది. వాడు తగ్గించాడు. అప్పుడు కొండ జబ్బు చేసినట్టుంది అంది. గాలి పెంచాడు. "ఈ గాలి ఎటు నుంచి వస్తోంది? మీరు ఆ ఊరివారే కదా, తెలిసే చేసి ఉంటారు" అని రాసింది. అందులో మెచ్చుకోలు ఉందో వెక్కిరింపు ఉందో వాడికి అంతుపట్టలేదు. పాత ఫోటోలు తిరగేస్తే మరీ అయోమయం. నలభై ఏళ్ల కిందటి దాంట్లో కొండ పాలమీగడ. మొన్న మొన్నటి దాంట్లో సగానికి సగం నల్లరాయి. రెండూ అసలు కర్మోరే, రెంటి కిందా అదే పేరు. ఏది నిజమని పరచాలి? పంతొమ్మిదిసార్లు చేసి పంతొమ్మిదిసార్లు తిట్లు తిన్నాడు.

"ఏం మంచుమనిషీ, మీ ఇంటి పెరడేగా? ఏది ఎక్కడుంటుందో తెలీదా?" అన్నాడు పక్క కుర్చీలో రాళ్లూ రప్పలూ చేసే బిశ్రుత్.

"పెరడు పెద్దది దాయ్," అన్నాడు ఛేవాంగ్, నవ్వు తెచ్చిపెట్టుకుని.

దీనికి తోడు రొజీనా దగ్గర ఇంకో చాదస్తం ఉంది. మంచును పొరలు పొరలుగా పరుస్తారు, ప్రతి పొరకీ పేరు పెట్టాలి. పేరు లేని పొర కంటపడిందా, ఆవిడ నిప్పు తొక్కిన కోతి అయ్యేది. "రేపు నువ్వు పోతే నీ తర్వాత వచ్చేవాడు దేన్ని ఏమని పిలుస్తాడు?" అని అరిచేది. నువ్వు పోతే అన్నప్పుడల్లా వాడి గుండెల్లో రాయి పడేది.

బుధవారం సాయంత్రం ఇంట్లో అమా పెట్టిన శ్యాక్పా పులుసు గిన్నె ముందు కూర్చుని ఇక లాభం లేదనుకున్నాడు. ఎదురుగా తండ్రి సోనమ్ గెల్బు జపమాల తిప్పుకుంటున్నాడు. ఒకప్పుడు దొరలకి తాళ్లు కడుతూ, బరువులు మోస్తూ కొండలెక్కిన మనిషి. ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు. చలికి పోయాయంటాడు, అంతకు మించి ఒక్క ముక్క చెప్పడు. వేళ్లు పోయిన నాటి నుంచి, అంటే ఛేవాంగ్‌కి రెండేళ్లప్పటి నుంచి, మళ్లీ కొండ ముఖం చూడలేదు. కొడుకునీ చూడనివ్వలేదు. పొద్దునా సాయంత్రం స్తూపం చుట్టూ ప్రదక్షిణలు, మధ్యలో టీవీ, అదే ఆయన లోకం.

"ఆబా, కర్మోరి మీద మంచు ఎలా ఉంటుంది?"

"తెల్లగా ఉంటుంది."

"అది కాదు ఆబా. ఏ పక్క ఎంత ఉంటుంది, ఎక్కడ నిలుస్తుంది అని."

"నీకెందుకు?"

ఛేవాంగ్ అంతా చెప్పాడు, సినిమా, ఓస్లో, శుక్రవారం. వింటుండగా పెద్దాయన చేతిలో పూసలు ఆగిపోయాయి.

"కొండ మొత్తం చేశారా? ఉత్తరపు గోడ కూడా?"

"మొత్తం. రాయి రాయీ."

"రేపు నేనొస్తా."

అమా చేతిలో గరిటె ఆగింది. "మీకెందుకిప్పుడు ఆ గొడవ," అంది గొంతు తగ్గించి. ఆయన మళ్లీ పూసలు తిప్పడం మొదలుపెట్టాడు.

గురువారం పొద్దున ప్రదక్షిణలు ముగించుకుని, ఉన్ని టోపీ, పెట్టెలోంచి తీసిన కోటు వేసుకుని స్టూడియోకి వచ్చాడు గెల్బు. రొజీనా లేచి నిలబడి, "నమస్తే బా, రండి రండి," అని తన కుర్చీ ఇచ్చింది. అది చక్రాల కుర్చీ. కూర్చోగానే ఒక చుట్టు తిరిగింది. ఆయన రెండు చేతులా బల్ల అంచు పట్టుకుని, కుర్చీని కాదు, తెరను కోపంగా చూశాడు.

"ఇదెవడు చేశాడు?"

"నేనే ఆబా."

"కర్మోరిని ఎప్పుడైనా చూశావా?"

స్టూడియోలో ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఛేవాంగ్‌కి చెవులు ఎర్రబడ్డాయి. "మబ్బులో చూశాను," అన్నాడు నెమ్మదిగా.

"మబ్బుని చూశావు. కొండని ఎక్కడ చూశావు?"

బిశ్రుత్ నవ్వాపుకోలేక దగ్గు నటించాడు. రొజీనా ఛేవాంగ్ వైపు ఒక చూపు చూసింది. మూడు నెలలు దాచిన గుట్టు కన్నతండ్రి నోటి మీదుగా మూడు నిమిషాల్లో బయటపడింది. తిట్టడానికి కూడా టైము లేదు, మర్నాడే శుక్రవారం.

ఇక పెద్దాయన మొదలుపెట్టాడు. కంప్యూటర్ సంగతి ఆయనకి ఓనమాలు రావు, కాని వేలు మాత్రం తెర మీద తన పెరట్లో తిరిగినట్టు తిరిగింది.

"గాలి పడమటి నుంచని ఎవడు చెప్పాడురా? పన్నెండు దాటితే లోయలోంచి పైకెక్కుతుంది. కొండకి ఈ వీపు మీద ఉన్నదంతా ఊడ్చి అవతల పోస్తుంది. ఈ వీపు ఎప్పుడూ నలుపే, కింద గోడ మీదా ఏదీ నిలవదు. తియ్యి, తీసెయ్యి."

ఛేవాంగ్ తీసేశాడు.

"ఈ సందులో మాత్రం అసార్ వానల దాకా ఉంటుంది. ఆ రంగు కాదు. ఎలుక రంగు వెయ్యి. చైత్‌లో మంచు తెల్లగా ఉంటుందా ఎక్కడైనా, దుమ్ము కొట్టుకుని ఉంటుంది గాని."

"ఇక్కడో బా?" అని బిశ్రుత్ కూడా అడగడం మొదలుపెట్టాడు.

"ఇక్కడ అంచు బయటికి వేలాడుతుంది నాయనా, చూరులాగా. దాని కింద బుద్ధున్నవాడెవడూ నిలబడడు."

మధ్యాహ్నం మూడయ్యేసరికి తెర మీద కొండ లేచి నిలబడింది. ఎక్కడా చక్కెర పొడి లేదు. నల్ల వీపు, మురికి సందులు, వేలాడే చూరు. రొజీనా వెనక నిలబడి కాసేపు చూసి, అందరికీ టీ తెప్పించింది. ఛేవాంగ్‌కి సంతోషమూ సిగ్గూ ఒక్కసారే కలిగాయి. ఇంట్లో టీవీ ముందు కునికే ఈ మనిషి దగ్గర ఇంత కొండ ఉందని తనకి తెలియనే తెలియదు.

టీ తాగి గ్లాసు పక్కన పెట్టి, పెద్దాయన వేలు మళ్లీ తెర మీదికి వెళ్లింది. ఉత్తరపు గోడ మీద, నల్ల వీపుకి కొంచెం కిందగా, ఒక చోట ఆగింది.

"ఇక్కడ వెయ్యి."

"ఇందాక నువ్వేగా ఈ గోడ మీద ఏదీ నిలవదన్నావు?"

"అన్నాను."

"మరి?"

"వెయ్యమన్నానుగా."

"ఎంత?"

"మనిషి పడుకుంటే కప్పేటంత. ఎలుక రంగు వద్దు. తెలుపే వెయ్యి."

ఛేవాంగ్‌కి తల తిరిగింది. నిటారు గోడ, కింద ఊతం లేదు, పైగా చైత్ నెల, పైగా తెలుపు. పొద్దుట్నుంచీ చెప్పిన నాలుగు మాటల్నీ ఈ ఒక్క మాటతో ఆయనే కొట్టిపారేశాడు. ఎందుకని అడిగితే టోపీ సర్దుకుని లేచాడు. వేసే దాకా గుమ్మం దగ్గర నిలబడి, వేశాక వెళ్లిపోయాడు.

"పెద్దాయనకి వయసు మీద పడిందేమో భాయ్," అన్నాడు బిశ్రుత్, నొప్పించకుండానే.

ఛేవాంగ్‌కి కోపం వచ్చింది, అది ఎవరి మీదో తెలియలేదు. అదే పనిగా తెర వైపు చూశాడు. కెమెరా సరిగ్గా ఆ గోడ పక్క నుంచే పోతుంది, కాబట్టి ఆ మచ్చ చారెడంత కనపడుతోంది. ఆ పొరకి పేరు అడిగింది కంప్యూటర్. ఏమని పెట్టాలో తోచక ఖాళీగా వదిలేసి ఇంగ్రిడ్‌కి పంపాడు.

శుక్రవారం పొద్దున పదింటికి జవాబు వచ్చి ఉంది. "ఇది కొండ. ఇన్నాళ్లకి కొండ. ఎవరు చేశారో వాళ్లకి నా నమస్కారం. ఒక్కటే లోపం. ఉత్తరపు గోడ మీద ఆ మంచు నిలవదు. పోయిన శరత్తులో తీసిన ఫోటో జతచేశాను, చూడండి, అక్కడ వట్టి రాయే. అది తీసేసి నాలుగింటికి చూపించండి."

అంటే, తీసేస్తే చాలు. ఒక్క మీట నొక్కితే పోతుంది, ఉద్యోగం నిలుస్తుంది. ఛేవాంగ్ ఫోటో తెరిచి ఆ చోటుని పెద్దది చేసి చూశాడు. నిజమే, వట్టి రాయి. రాయి మీద నారింజ రంగు చుక్క ఒకటి.

"కెమెరా లోపం," అన్నాడు బిశ్రుత్ వంగి చూసి. "ఒక్కోసారి రంగు చిందుతుంది."

అవుననుకున్నాడు. అయినా మనసొప్పక మెట్ల దగ్గరికి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఆబా, అక్కడ మంచు లేదు. ఫోటో పంపారు. వట్టి రాయి."

"రాయి ఒక్కటేనా?"

"నారింజ రంగు చుక్కేదో ఉంది. ఫోటో పాడైనట్టుంది."

అవతల టీవీ కట్టేసిన చప్పుడయింది.

"ఫోటో పాడు కాలేదు. అది మీ బాబాయి కోటు."

బాబాయి ఒకాయన ఉండేవాడని, చిన్న వయసులోనే పోయాడని ఛేవాంగ్ ఎప్పుడో విన్నాడు. పోయినవాళ్ల పేరు షేర్పాల ఇళ్లలో ఎత్తరు. పేరు ఎత్తకపోతే మనిషి గురించి అడగడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అలా వాడు అడగనే లేదు.

"కాలు విరిగింది వాడికి," అన్నాడు గెల్బు. గొంతు మామూలుగానే ఉంది. "మోసుకొచ్చే బలం నా ఒక్కడికి లేదు. దొరలు కిందికి దిగిపోయారు. నేను పక్కనే కూచున్నా. పొద్దుటికి పోయాడు. అప్పుడా గోడంతా మంచేరా, నడుములోతు. జారిపోకుండా తాడుతో రాతికి కట్టి, రెండు చేతులా తోడి కప్పాను. కాలి వేళ్లు పోయింది అప్పుడే. పోతే పోయాయిలే, మంచున్నంత కాలం వాడికి పైన కప్పుంటుంది అనుకున్నా. మంచే పోతుందని ఎవడనుకున్నాడు?"

ఛేవాంగ్ ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాడు.

"రెండేళ్ల నుంచి పైకెళ్లినవాళ్లు వచ్చి చెబుతున్నారు, కనపడుతున్నాడని. పోయినేడు ముగ్గుర్ని పంపాను. రాళ్లు రాలుతుంటే తిరిగొచ్చారు. నా కాళ్లు ఇక ఎక్కవు. సినిమాలో అందరి కళ్లా పడకూడదురా వాడు. అంతే."

"ఎవరికీ కనపడడు ఆబా. అది కంప్యూటర్ కొండ. దాని మీద మనిషే లేడు."

"నాకు కనపడతాడు," అన్నాడు పెద్దాయన, ఫోన్ పెట్టేశాడు.

ఛేవాంగ్ మెట్ల మీదే కూలబడ్డాడు. ఉన్న కొండ మీద మనిషి ఉన్నాడు, మంచు లేదు. లేని కొండ మీద మనిషి లేడు, మంచు కావాలి. ఏది నిజమో చూపించమని వాడికి జీతమిస్తున్నారు. తీసేస్తే ఇంగ్రిడ్ మాట నిజం, ఉంచితే ఆబా మాట నిజం. ఎంత ఆలోచించినా రెండూ ఒక కొండ మీద ఇమడలేదు. ఏడుపొచ్చింది. తను ఎరగని మనిషి కోసం ఏడవడం ఏమిటో కూడా వాడికి అర్థం కాలేదు.

లోపలికి వచ్చాక మంచును ముట్టుకోలేదు. రాయిని ముట్టుకున్నాడు. ఆ గోడ మీద, ఆ చోటే, చిన్న అరుగు ఒకటి బయటికి లాగాడు. మంచం పట్టేంత.

"కొలతలు మార్చకూడదు భాయ్," అన్నాడు బిశ్రుత్ కంగారుగా. "ఉపగ్రహం కొలిచిన కొండరా అది."

"తెలుసు దాయ్."

చేత్తో వేసిన తెల్ల మచ్చని చెరిపేసి, తండ్రి చెప్పిన గాలితో, ఆ మూడు సూత్రాలతోనే కంప్యూటర్‌ని మళ్లీ లెక్క వెయ్యమన్నాడు. ఈసారి ఎవరూ బలవంతపెట్టకుండానే, అరుగు మీద మంచు దానంతటదే వచ్చి కూర్చుంది. ఆ అరుగు మీది మంచును వేరే పొరగా పెట్టాడు.

రొజీనా వచ్చి చూసింది. "ఈ పొరకి పేరేది?"

"లేదు దిదీ. పెట్టకూడదు."

పెట్టలేదు కాదు, పెట్టకూడదు. ఆవిడ వాడి ముఖం చూసి ఆ మాటని అక్కడితో వదిలేసింది. "నాలుగింటికి నువ్వే చెప్పుకో," అంది.

నాలుగింటికి పెద్ద తెర మీద ఇంగ్రిడ్ వచ్చింది. నెరిసిన జుట్టు, ముక్కు మీద కళ్లద్దాలు. పన్నెండు సెకన్లనీ మూడుసార్లు తిప్పించుకుని చూసింది. నాలుగోసారి ఆ గోడ దగ్గర ఆపించింది.

"ఈ అరుగు కొలతల్లో లేదు."

"లేదండి. నేను పెట్టాను," అన్నాడు ఛేవాంగ్.

"ఎందుకు?"

"మంచు నిలవాలని."

"అక్కడ మీరు మంచు చూశారా?"

మూడు నెలలుగా ఇలాంటి ప్రశ్నకి తల ఊపడం వాడికి అలవాటు. ఈసారి మెడ కదల్లేదు. "లేదండి. నేను ఎక్కడా మంచు చూడలేదు. మా నాన్న చూశాడు."

రొజీనా కళ్లు మూసుకుంది. ఇంగ్రిడ్ మాత్రం ముఖాన్ని తెరకు దగ్గరగా తెచ్చి, ఆ చారెడు తెలుపునే చూస్తూ ఉండిపోయింది. ఆ ఫోటో పంపింది ఆవిడే. ఆ చుక్కని ఆవిడ కూడా పెద్దది చేసి చూసిందా? చూస్తే మాత్రం ఏమని అనుకుని ఉంటుంది? ఛేవాంగ్ ఆ ముఖంలో ఏమీ చదవలేకపోయాడు.

"అంత అరుగు మీద మంచు ఇంత పలచగా ఉండదు," అంది చివరికి. "ఇంకా వెయ్యండి. రెండింతలు. అంచులు గుండ్రంగా రానివ్వండి. మిగతాదంతా సరే."

అంతే. తెర ఆరిపోయింది. బిశ్రుత్ వీపు చరిచాడు. రొజీనా, "ఆదివారం పొద్దున్నే రా, ఇంకో కొండ ఉంది," అని తన గదిలోకి వెళ్లిపోయింది. మంచు రెండింతలు వేశాక, ఇంగ్రిడ్ ఆ చుక్క ఏమిటో తెలిసే ఇంకా వెయ్యమన్నదా, తెలియక అన్నదా అని ఆలోచిస్తూనే ఛేవాంగ్ బస్సెక్కాడు, ఆలోచిస్తూనే దిగాడు.

స్తూపం దగ్గర దీపాలు వెలిగిస్తున్నారు. తండ్రి కుంటుతూ ప్రదక్షిణ చేస్తున్నాడు. ఛేవాంగ్ వెళ్లి పక్కన కలిశాడు.

"వేశావా?"

"వేశాను. చాలదు, ఇంకా వెయ్యమన్నారు. వేశాను."

"ఎంత?"

"నడుములోతు."

పెద్దాయన పూసలు తిప్పుతూ పది అడుగులు వేశాడు. అసలు కర్మోరి మీద ఆ కోటు గాలికి కొట్టుకుంటూనే ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

"కరుగుతుందా?"

"కరగదు ఆబా."

ఇంటికి తిరగాల్సిన సందు వచ్చింది. గెల్బు అక్కడ ఆగలేదు, మరో చుట్టు మొదలుపెట్టాడు. అది ఎవరి కోసమో ఛేవాంగ్ అడగలేదు. ఆయన వెనకే నడిచాడు.